రేవు లేని జాబితా

కంప్యూటరు పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరిన కుర్ర మాస్టర్లు నా దగ్గరికి వచ్చినప్పుడు తిరిగి తిరిగి ఒకే ప్రశ్న అడుగుతారు. పిల్లలకు ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు బయటివాళ్ళకు పనికొచ్చే అసలు పని ఇవ్వాలా, చెయ్యి తిరగడానికి ఉత్తుత్తి పని ఇస్తే సరిపోతుందా అని. రెండు ముక్కల్లో ఏదో చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేయడం నాకు అలవాటు. మొన్న ఒకాయన మాత్రం వదల్లేదు. "మీరు కాగితం మీద పెట్టండి మాస్టారూ, మా పిల్లలకి చదివి వినిపిస్తాను" అని కూర్చున్నాడు. సరేనని కలం తీశాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నో జరిగాయి గానీ ఆ ప్రశ్నకు జవాబుగా పనికొచ్చేది ఒక్కటే. అది నేను చేసిన తప్పు. దాచుకుంటే నా మర్యాద నాకు మిగులుతుంది, మీకేమీ మిగలదు. అందుకని రాస్తున్నాను.

నల్లబల్ల మీద కంప్యూటరు

డెబ్బైలలో అమలాపురంలో ఒక కాలేజీలో లెక్కల మాస్టారుగా చేరాను. ఒక వేసవిలో శిక్షణకని విశాఖపట్నం పంపించారు. అక్కడ గదంత యంత్రం ఉండేది. దాన్ని మేం ముట్టుకోవడానికి లేదు. అట్టముక్కలకు చిల్లులు పొడిచి, కట్ట కట్టి కిటికీలో ఇస్తే, వారానికి ఫలితం వచ్చేది. నా మొదటి కట్ట వారం తర్వాత ఒకే ఒక్క వాక్యంతో తిరిగొచ్చింది: తప్పుంది అని. ఎక్కడుందో వెతుక్కోవడానికి ఇంకో మూడు రోజులు పట్టింది.

తిరిగొచ్చాక యంత్రం లేకుండానే పాఠం చెప్పాను. నల్లబల్ల మీద గళ్ళు గీసి ఇదే కంప్యూటరు అనేవాణ్ణి. ఒక కుర్రాణ్ణి కూడికలు చేసేవాడిగా, ఇంకొకణ్ణి అంకెలు గుర్తుపెట్టుకునేవాడిగా నిలబెట్టేవాణ్ణి. వాళ్ళు నేను రాసిన ఆజ్ఞలను పొల్లుపోకుండా చేయాలి, సొంత తెలివి వాడకూడదు. ఊరివాళ్ళు కిటికీలోంచి చూసి వీధి నాటకమేదో నేర్పుతున్నాననుకునేవారు. ఆ పిల్లలే తర్వాత మంచి ఉద్యోగాల్లో కుదురుకున్నారు. అందుచేత ఉత్తుత్తి పనిని నేను ఎప్పుడూ చిన్నచూపు చూడను. ఎవరికీ నష్టం లేకుండా వందసార్లు తప్పు చేసుకునే చోటు ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఉండి తీరాలి.

చెప్పులు బయట విడిచిన గది

ఎనభైలు సగం గడిచాక కాలేజీకి రెండు చిన్న కంప్యూటర్లు, ఒక ప్రింటరు వచ్చాయి. మా ప్రిన్సిపాలు సుబ్రహ్మణ్యం గారు ఇంగ్లీషు పండితుడు. మనిషి మంచివాడు, కాలేజీ పేరంటే ప్రాణం. యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టించి కొబ్బరికాయ కొట్టించారు. పక్కనే పాస్టరు గారిచేత ప్రార్థన కూడా చేయించారు. దుమ్ము పడుతుందని చెప్పులు బయట విడిచి రమ్మన్నారు. పిల్లలు ఆ గదిలోకి అడుగుపెట్టగానే గొంతు తగ్గించేసేవారు. బయటి మట్టి ఒక్కటే కాదు, బయటి బుద్ధి కూడా ఆ గుమ్మం దగ్గరే వదిలి వస్తున్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ప్రాజెక్టులన్నీ పాఠ్యపుస్తకంలోవే. ఎక్కడా లేని లైబ్రరీకి పుస్తకాల పట్టిక, ఎక్కడా లేని విమానాల కంపెనీకి టిక్కెట్లు. కోనసీమకు రైలు కూడా లేదు, మా పిల్లలు మాత్రం విమానం సీట్లు అమ్మేవారు. నేను మార్కులు వేసేవాణ్ణి.

కరుణ అడిగిన ప్రశ్న

కరుణది సఖినేటిపల్లి దగ్గర ఊరు. వాళ్ళ నాన్న అబ్రహాం నర్సాపురానికి మనుషుల్నీ సైకిళ్ళనూ బళ్ళనూ దాటించే పంటు మీద సరంగు. గోదావరి మీద పంటు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కట్టేయాలో చెప్పేది ఆయనే. వాళ్ళమ్మ ఆ రేవుకు రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయా. కరుణ ఇంటికి పెద్దపిల్ల, కాలేజీకి వచ్చిన మొదటి పిల్ల. అమలాపురంలో మేనత్తగారింట్లో ఉండి చదువుకునేది. మాట తక్కువ, పని శుభ్రం.

పుస్తకంలో ఒక అభ్యాసం ఉండేది: ఒక ఊరు ఇస్తే దానికి దగ్గరున్న దుకాణం ఏదో కంప్యూటరు చెప్పాలి. కరుణ దుకాణాలు తీసేసి రక్తదాతలను పెడతానంది. ఆసుపత్రిలో సిస్టరు గారి దగ్గర, అవసరమైనప్పుడు వచ్చి రక్తం ఇస్తామన్నవాళ్ళ పేర్లు, గ్రూపులు రాసిన నోటుపుస్తకం ఉందట. ఆ రోజుల్లో మా వైపు రక్తం నిల్వ పెట్టే సదుపాయం లేదు. మనిషిని వెతికి పట్టుకొచ్చి, పడుకోబెట్టి తీయాల్సిందే. నాకు ఆలోచన నచ్చింది. పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాక ఒకరోజు వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"మాస్టారూ, ఊళ్ళ మధ్య దూరం ఎలా వెయ్యమంటారండీ?"

"గోడమీద జిల్లా మ్యాపుంది కదమ్మా. స్కేలు పెట్టి కొలిచి వేసెయ్యి."

"మధ్యలో రేవుంటే ఎలాగండీ?"

"రేవుంటే ఏమైంది?"

"పంటు అన్ని వేళలా దాటదు కదండీ. పాటు మీద నీళ్ళు తీసేసి ఒండ్రులో కూరుకుపోద్దండి. గాలి ఎక్కువుంటే మా నాన్నగారు అసలు వదలరండి."

నాకు ఆవేళ ఇంకా పన్నెండు మంది పనులు దిద్దాల్సి ఉంది. "పరీక్షలో రేవు గురించి అడగరమ్మా," అన్నాను. "ప్రాక్టీసు పనే కదా. దీనికి ఇంత ఎందుకు?"

"ఆయ్," అని వెళ్ళి స్కేలు తీసుకుంది.

ఆ పిల్ల నన్ను ఎదిరించి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. అది కూడా అన్యాయమే. మాస్టారి మాట కాదనకూడదని నేర్పింది మేమే.

ఆ ఏడు కాలేజీలో ప్రదర్శన పెట్టినప్పుడు మిషన్ ఆసుపత్రి డాక్టరు ప్రేమలత గారిని పిలిచాం. కరుణ కంప్యూటరులో ఒక రక్తం గ్రూపు కొట్టింది. ప్రింటరు కిర్రుకిర్రుమంటూ ఆసుపత్రికి ఎవరు దగ్గరో వాళ్ళను ముందు పెట్టి, ఒకటి రెండు మూడు అని అంకెలు వేసి పేర్లు తీసింది. డాక్టరు గారు ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "మా సిస్టరుకి ఆ నోటుబుక్కులో వెతకడానికే అరగంట పడుతోందండీ. ఇది మాకు ఇస్తారా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా ప్రిన్సిపాలు గారు "తప్పకుండానండీ, మీకోసమే" అనేశారు. ఆయన్ని అని లాభం లేదు. నేను నోరు తెరిచినా ఏమనేవాణ్ణో నాకు తెలుసు. నా ఛాతీ కూడా అప్పటికే పొంగి ఉంది. ఇది ప్రాక్టీసుకని చేసింది, దూరాలు స్కేలుతో కొలిచినవి, ఒక నెల ఆగండి అని చెప్పడానికి పది మాటలు చాలు. చెప్పలేదు. గ్రూపుకొక కాగితం చొప్పున ప్రింటు తీసి, అట్టవేసి కుట్టి, ఆసుపత్రికి పంపించాం. కరుణకు ఆ సంవత్సరం అందరికన్నా ఎక్కువ మార్కులు వేశాను.

బి నెగెటివ్

కొన్ని నెలల తర్వాత, ఆషాఢం గాలుల్లో జరిగింది. నేను అక్కడ లేను. డాక్టరు గారు చెప్పింది రాస్తున్నాను.

మార్తమ్మ అనే ఆమెకు మధ్యాహ్నం కాన్పయింది. మగపిల్లాడు. బిడ్డ బాగానే ఉన్నాడు, తల్లికి రక్తం ఆగలేదు. ఆమెది బి నెగెటివ్. అరుదైన గ్రూపు. మొగుడు ప్రకాశం కొబ్బరికాయలు ఒలిచే పని చేస్తాడు. అతని రక్తం కలవలేదు, వెంట వచ్చిన వాళ్ళదీ కలవలేదు. సిస్టరు గారు మా జాబితా తెరిచారు. ఆ గ్రూపులో మూడు పేర్లున్నాయి. ఒకటో నెంబరు నర్సాపురంలో ఒక బడిపంతులు. రెండో నెంబరు మలికిపురంలో సైకిలుషాపతను. మూడో అతనిది రాజోలు. మ్యాపులో స్కేలు పెడితే నర్సాపురమే దగ్గర, మలికిపురం దానికి రెట్టింపు. సిస్టరు గారు ఆ కాగితం చింపి ప్రకాశం చేతికిచ్చి, పేర్లు పైకి చదివి, మొదటతని దగ్గరికని సైకిలు మీద పంపించారు.

అతను రేవుకు చేరేసరికి పాటు. పంటు ఒడ్డున బురదలో ఉంది. గాలికి చిన్న పడవలు కూడా కట్టేసి ఉన్నాయి. ప్రకాశం గంటన్నర అక్కడే నిలబడ్డాడు. నీళ్ళు మళ్ళీ పెరిగి, గాలి కాస్త తగ్గాక అవతలికి వెళ్ళి, ఆ పంతులుగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మహానుభావుడు చొక్కా కూడా మార్చుకోకుండా బయల్దేరాడట. దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ ఆసుపత్రి మెట్లెక్కారు. మార్తమ్మ అప్పటికి పావుగంట ముందే పోయింది.

మలికిపురం అతను ఆ సాయంత్రమంతా షాపులోనే ఉన్నాడని తర్వాత తెలిసింది. అటు రోడ్డే. మధ్యలో నీళ్ళు లేవు.

మర్నాడు డాక్టరు గారు కబురు పెడితే వెళ్ళాను. ఆమె నన్ను తిట్టలేదు. "మీ లిస్టు వల్లే పోయిందని నేను చెప్పనండీ మాస్టారూ. రక్తం ముందే వచ్చినా బతికేదో లేదో నాకు తెలీదు. ఇంకో గంటన్నర ముందొస్తే ఒక అవకాశం ఉండేదండీ. అంతవరకే చెప్పగలను," అన్నారు. ఆ 'అంతవరకే' నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఆ మాటను ఇంకొంచెం బరువు పెంచి చెప్పి ఉంటే ఏడ్చి తేలికపడేవాణ్ణేమో.

ప్రిన్సిపాలు గారికి చెప్పాను. ఆయన "మన పని పాఠం చెప్పడమండీ, ఆసుపత్రులు నడపడం కాదు. ఆ పుస్తకం వెనక్కి తెచ్చేయండి. ఇంకెప్పుడూ బయటి పని వద్దు," అన్నారు. నాకూ అదే సుఖంగా తోచింది. సంచీ పట్టుకుని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరు గారు పుస్తకం ఇవ్వలేదు. "పట్టుకెళ్ళిపోతే నాకేం మిగుల్తుందండీ? మళ్ళీ ఆ నోటుబుక్కే. రేపు ఇంకో మనిషి వస్తుంది. తప్పు తెలిసిందిగా, సరిచేసి ఇవ్వండి," అన్నారు. ఖాళీ సంచీతో బయటికొచ్చాను.

సరంగు ఇంట్లో

ఆ తర్వాత పదిరోజులైనా కరుణ కాలేజీకి రాలేదు. మేనత్తను అడిగితే, ఆసుపత్రిలో జరిగింది వాళ్ళమ్మ చెప్పగానే ఊరెళ్ళిపోయిందన్నారు. వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల లోపలి గదిలోంచి బయటికి రాలేదు. అబ్రహాం గారు అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టారు.

"చదువు చాలంటందండి," అన్నారు. "అన్నం ముందు కూర్చుని లేచిపోతందండి. తప్పు నీది కాదే అని చెప్పేనండి. వినట్లేదు."

"తప్పు నాదండీ," అన్నాను. "ఆ పిల్ల రేవు సంగతి అడిగింది. అక్కర్లేదని నేనే అన్నాను."

ఆయన తలొంచుకుని గడ్డం గోక్కున్నారు. ఆ మాట ఆయనకు కొత్తగా ఉన్నట్టుంది. చివరికి, "మీరొక్కరేనా మాస్టారూ," అన్నారు. "ఆవేళ రేవులో నేనే ఉన్నానండి. ఆ కుర్రాడు కాగితం పట్టుకుని వచ్చేడండి. రెండు పక్కలా చిల్లులు చూడగానే ఇది మా అమ్మాయి కంప్యూటరు మిషను కాగితమే అని గుర్తుపట్టేనండి. ఇంగ్లీషు నాకు రాదు కదండీ. పక్కనోళ్ళకి కూడా చూపించేను, మా కరుణ చేసిందే అని. పాటు మీదుంది, గంటన్నర ఆగాల అని అతనికి చెప్పి కూర్చోబెట్టేనండి. దాటేవాణ్ణి ఎందుకు దాటుతున్నావయ్యా అని అడగడం నాకలవాటండి. ముప్ఫై ఏళ్ళనించి అడుగుతున్నాను. ఆవేళ అడగలేదండి. ఆ పనికి ఈ ఒడ్డున ఎవరూ లేరా అని ఒక్క మాట అడిగుంటే సరిపోయేదండి. మిషను చెప్పేక ఇంక అడిగేదేముందనుకున్నాను."

గుమ్మం వెనక కరుణ ఏడుపు వినిపించింది. నేను గుమ్మం వైపు తిరిగి, డాక్టరు గారు పుస్తకం ఇవ్వలేదనీ, సరిచేసి తెమ్మన్నారనీ చెప్పాను. రేవు గురించి నాకేమీ తెలియదనీ, తెలిసినవాళ్ళు ఈ ఇంట్లోనే ఉన్నారనీ చెప్పాను. చాలాసేపటికి ఆ పిల్ల నోటుపుస్తకం పట్టుకుని బయటికొచ్చి, నన్ను చూడకుండా వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది.

తిథులు, గడియలు

ఆ తర్వాత రెండు నెలల ఆదివారాలు మేం రేవులోనే గడిపాం. ప్రిన్సిపాలు గారు మొదట ఒప్పుకోలేదు. చివరికి కంప్యూటరు గది తాళం నా బల్లమీద పెట్టి, "ఆదివారం నన్నేమీ అడగకండి" అని వెళ్ళిపోయారు. ఆయన ఇచ్చిన పెద్ద అనుమతి అదే.

అబ్రహాం గారింట్లో బైబిలు పక్కనే పంచాంగం ఉండేది. మా ఇంట్లో కూడా అంత నలిగిన పంచాంగం లేదు. "గడియారంతో పని లేదండి, తిథి చూడాల," అనేవారు. "అమావాస్యకి, పున్నానికి పోటెక్కువండి, పాటూ ఎక్కువేనండి. అక్కణ్ణించి రోజుకి రెండు గడియలు, అంటే ముప్పావుగంట, ఆలస్యమవుద్దండి." కరుణ అదంతా రాసుకుని, ప్రతి తిథికీ పంటు ఒండ్రులో ఉండే వేళలు కట్టింది. నేను ఒడ్డున కూర్చుని సరిచూసేవాణ్ణి. సరంగు మాట పదిసార్లకు తొమ్మిదిసార్లు నిలబడేది. నిలబడనప్పుడు ఆయన గాలి వైపు చూసి చిన్నబుచ్చుకునేవారు.

దూరాలు తీసేశాం. సైకిలు మీద ఎంతసేపో, అది రాశాం. దానికోసం కరుణ తమ్ముడి సైకిలు మీద ఊరూరా తిరిగింది. దారిలో దాతల ఇళ్ళకు వెళ్తే ఒకాయన కువైట్ వెళ్ళిపోయి రెండేళ్ళయిందని తేలింది. మా పుస్తకంలో ఆయన ఇంకా మలికిపురం దాకా కూడా కదల్లేదు. రేవుకు అవతలివాళ్ళను వేరే కాగితం మీద వేసి, ఆ నెలలో ఏ రోజు ఏ వేళ పంటు కదలదో పక్కనే వేశాం. నెలనెలా కొత్తది తీసి ఇచ్చేవాళ్ళం. ప్రింటరు ఇంగ్లీషు తప్ప రాయదు కాబట్టి ప్రతి పేరు పక్కనా కరుణ తెలుగులో చేత్తో రాసేది. ఒకటి, రెండు, మూడు అనే అంకెలు మాత్రం వెయ్యనంది. నేను ఎందుకని అడగలేదు.

అంతా అయ్యాక ప్రతి కాగితం అడుగున నాలుగు గీతలు ఖాళీగా వదిలి, వాటి పైన ఒక వాక్యం రాసింది: "ఇంతకన్నా తొందరగా వచ్చే మనిషి మీకు తెలిస్తే ముందు అక్కడికే వెళ్ళండి."

నేను చూసిన ప్రాజెక్టులన్నిటిలో మంచి వాక్యం అదే. కంప్యూటరుతో దానికి సంబంధం లేదు.

కుర్ర మాస్టర్లకు

మీరడిగిన దానికి నా జవాబు ఇది. ఉత్తుత్తి పని ఇవ్వండి, కావలసినంత ఇవ్వండి. దాని పైన ఎర్రసిరాతో ఉత్తుత్తిది అని రాయండి, అది గది గుమ్మం దాటనివ్వకండి. అసలు పని ఇస్తే ఆ పిల్లను ఆ పని జరిగే చోట ఒక పూర్తి రోజు నిలబెట్టండి. మీరూ పక్కన నిలబడండి. ఉత్తుత్తి పనిలో తప్పు చేస్తే మార్కు పోతుంది, అసలు పనిలో తప్పు చేస్తే పోయేది మన మార్కు కాదు. ఆ తేడా నోటితో చెబితే పిల్లలకు ఎక్కదు. నాకే ఎక్కలేదు. ఉత్తుత్తి పని అసలు పని బట్టలేసుకుని బయటికి నడిచిపోయే రోజొకటి వస్తుంది. ఎవరో పెద్దమనిషి మెచ్చుకుంటున్న రోజు అది. ఆ పూట నోరు విప్పగలిగితే మీరు నాకన్నా మంచి మాస్టారు.

కరుణ చదువు పూర్తి చేసి మంచి ఉద్యోగంలో కుదురుకుంది. ఆ జాబితా ఎంతమందికి అక్కరకొచ్చిందని అడగకండి, నేను లెక్కపెట్టుకోలేదు.

మార్తమ్మ పోయిన ఏడాదికి ఒకసారి ఆ నెల కాగితాలు ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాను. వరండాలో ఒకతను పిల్లాణ్ణి భుజం మీద వేసుకుని నిలబడి, గోడకు తగిలించిన మా జాబితా చూస్తున్నాడు. పిల్లాడికి టీకా వేయించడానికి వచ్చాడు. సిస్టరు గారు నా చెవిలో "ప్రకాశం" అన్నారు. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. వెళ్ళి, ఆ జాబితా మొదట చేయించినవాణ్ణి నేనేనని చెప్పాను. అతను కొడతాడేమో అనుకున్నాను. నన్ను చూసి పిల్లాణ్ణి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"మలికిపురం సైకిలుషాపతను నాకు తెలుసండి," అన్నాడు. "మా బావకి స్నేహితుడండి. సిస్టరమ్మ పేర్లు చదువుతుంటే విన్నానండి. అటెళ్తే సరిపోద్దేమో అని దారిలో ఆగేను కూడానండి."

"మరి ఎందుకు వెళ్ళలేదు బాబూ?"

"ఒకటో నెంబరు వేసి ఉంది కదండీ. చదువుకున్నోళ్ళు వేసిన నెంబరు కదా, దాన్ని కాదని రెండో అతని దగ్గరికి ఎలా వెళ్తానండి?"

అతను మళ్ళీ గోడవైపు తిరిగి, కాగితం అడుగున కరుణ చేత్తో రాసిన వాక్యం మీద వేలు పెట్టి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివాడు. చివరిదాకా చదివి, వేలు తీయకుండానే అడిగాడు.

"ఈ మాట అప్పుడు లేదు కదండీ?"

"లేదు బాబూ," అన్నాను.